థాయిలాండ్ రిటైర్మెంట్ పొడిగింపు: నవంబరు గడువు, 8 లక్షల బాత్, ముగియబోతున్న పాస్‌పోర్టు – సలహా కావాలి

హువాహిన్ తీరం

అందరికీ నమస్కారం. నా వయసు 67. బ్యాంకాక్ దగ్గర ఒక నూలు మిల్లులో ఇంజినీరుగా పనిచేసి, పదవీ విరమణ తర్వాత మా ఆవిడతో కలిసి హువాహిన్‌లో స్థిరపడ్డాను. నాన్-ఓ అనే వీసా మీద ఇక్కడ ఉండే అనుమతిని ఏటా పొడిగించుకుంటూ వస్తున్నాను. మా ఆవిడది ఆధారపడిన భార్యగా నాతో ముడిపడిన పొడిగింపు. ఇద్దరి గడువూ నవంబరు 18తో ముగుస్తుంది.

ఈసారి చిక్కులన్నీ ఒక్కసారే వచ్చిపడ్డాయి. వేసవిలో ఆవిడ మోకాలి ఆపరేషనుకు ఖాతాలోంచి డబ్బు తీయాల్సి వచ్చింది. ఇప్పుడు నా థాయ్ ఖాతాలో 4,10,000 బాత్ మాత్రమే ఉంది. మిగతా డబ్బు హైదరాబాదులో ఫిక్స్‌డ్ డిపాజిట్లలో ఉంది, అవి సెప్టెంబరు 28న పూర్తవుతాయి. అప్పుడు తెప్పించుకుంటే నవంబరుకు సరిపోతుందా? నా పాస్‌పోర్టు వచ్చే మే నెలలో ముగుస్తుంది. అది ఇప్పుడే మార్చుకోవాలా, పొడిగింపు అయ్యాక మార్చుకోవచ్చా? సంక్రాంతికి మనవరాలి ఓణీల వేడుకకు ఊరికి వెళ్లాలి కూడా. ఇప్పటికే ఆగస్టు నెలాఖరు అయింది. ఏది ముందు, ఏది వెనక అన్నది తేల్చుకోలేకపోతున్నాను. అనుభవమున్న వారు చెప్పగలరు.

పతుమ్ థానీ మాస్టారు

సర్, సెప్టెంబరు 28 అంటే ఆలస్యమైపోతుంది. మీరు దరఖాస్తు ఇచ్చే రోజుకు 8,00,000 బాత్ మీ ఖాతాలోకి వచ్చి పూర్తిగా రెండు నెలలు నిండాలి. గడువు చివరి రోజు దాకా ఆగినా, సెప్టెంబరు 17 నాటికి డబ్బు ఇక్కడ ఉండి తీరాలి. దారిలో ఉన్న డబ్బును అధికారులు లెక్కలోకి తీసుకోరు.

ఇక్కడ ఒక సంగతి మీకు కలిసి వస్తుంది. గడువుకు 30 రోజుల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు, కొన్ని ఆఫీసుల్లో 45 రోజుల ముందు నుంచే తీసుకుంటారు. అందరూ ఈ పని త్వరగా ముగించుకోవాలనుకుంటారు. మీ విషయంలో మాత్రం ఆగడమే మేలు. కొత్త ఏడాది పాత గడువు ముగిసిన తేదీ నుంచే మొదలవుతుంది కాబట్టి అక్టోబరులో వెళ్లినా నవంబరు రెండో వారంలో వెళ్లినా మీకు వచ్చే ఏడాది ఒకటే. డబ్బుకు రెండు నెలలు నిండడానికి ఆ నాలుగు వారాలు పనికొస్తాయి. అయితే చివరి రోజు వరకు లాగవద్దు. ఏదైనా కాగితం తక్కువైందని తిప్పి పంపితే మళ్లీ వెళ్లడానికి కనీసం మూడు నాలుగు పనిదినాలు చేతిలో ఉండాలి.

కాబట్టి డిపాజిట్ గడువు కోసం చూడకండి. కావలసినంత వరకు ముందే తీసేయండి. వడ్డీలో కొంత పోతుంది. ఈ పొడిగింపు తప్పితే పోయేది దానికంటే చాలా పెద్దది.

పాస్‌పోర్టు మాత్రం ముందే మార్చుకోవాలి. పాస్‌పోర్టు ముగిసే తేదీని దాటి ఇమిగ్రేషన్ వారు అనుమతి ఇవ్వరు. పాతదానితో వెళ్తే మీకు ఏడాదికి బదులు మే దాకానే ముద్ర వేస్తారు. రుసుము మాత్రం అదే 1,900 బాత్. మేలో మళ్లీ ఈ తతంగమంతా మొదటి నుంచి చేయాలి.

గోదారి గట్టు

మాస్టారు గారు చెప్పింది నిజమే. అయితే ఇంకో దారి ఉంది కదా? నెలకు 65,000 బాత్ ఆదాయం చూపించినా చాలు, లేదంటే బ్యాంకు నిల్వ, ఏడాది పింఛను కలిపి 8,00,000 చూపించినా చాలు. హువాహిన్ తీరం గారికి నెలకు 33,000 బాత్‌కు సరిపడా పింఛను వస్తుంటే ఏడాదికి దాదాపు నాలుగు లక్షలు అవుతుంది. చేతిలో ఉన్న 4,10,000 కలిపితే సరిపోతుంది. డిపాజిట్ కదపవలసిన పనే లేదు.

పతుమ్ థానీ మాస్టారు

నియమం ఉన్నమాట వాస్తవం. దాన్ని ఎలా రుజువు చేస్తారన్నదే అసలు ప్రశ్న. 2018 దాకా చాలామంది తమ దేశపు రాయబార కార్యాలయం నుంచి ఆదాయ పత్రం తెచ్చి ఇచ్చేవారు. 2019 మొదట్లో అమెరికా, బ్రిటన్ రాయబార కార్యాలయాలు ఆ పత్రాలు ఇవ్వడం మానేశాయి. అప్పటి నుంచి ఇమిగ్రేషన్ వారు ఎక్కువగా బ్యాంకు రికార్డులనే చూస్తున్నారు. విదేశం నుంచి నెలనెలా మీ థాయ్ ఖాతాలోకి డబ్బు వచ్చినట్టు పన్నెండు నెలల లావాదేవీలు కనిపించాలి. విదేశం నుంచి వచ్చిన సొమ్ముకు పాస్‌బుక్‌లో విడిగా ఒక సంకేతం పడుతుంది, బ్యాంకాక్ బ్యాంకులో అది ఎఫ్‌టీటీ. అధికారి కళ్లు వెతికేది దాన్నే.

హువాహిన్ తీరం గారి పింఛను ఇండియా ఖాతాలోనే పడుతుంటే ఆ దారి ఈ ఏడాదికి మూసుకుపోయినట్టే. వచ్చే ఏడాదికి కావాలంటే ఈ నెల నుంచే నెలనెలా పంపించడం మొదలుపెట్టాలి. ఒక్క నెల తప్పినా తిరస్కరించే ఆఫీసులు ఉన్నాయి.

హువాహిన్ తీరం

పింఛను ఇండియాలోనే పడుతుంది మాస్టారూ. ఆ దారి నాకు లేదు. రేపే డిపాజిట్ సంగతి బ్యాంకుతో మాట్లాడతాను. డబ్బు పంపడంలో అక్కడి నియమాలు ఎలా ఉన్నాయో ఎవరైనా చెప్పగలరా?

లెక్కల పుస్తకం

నేను హైదరాబాదులో పన్నుల పని చూస్తాను. సర్, ముందు మీ డిపాజిట్ ఏ రకం ఖాతాలో ఉందో చూసుకోండి. మీరు అక్కడే స్థిరపడ్డారు కాబట్టి అది ఎన్ఆర్ఓ ఖాతా (విదేశాల్లో స్థిరపడినవారికి ఇండియాలో ఉండే రూపాయి ఖాతా) అయి ఉండాలి. ఎన్ఆర్ఓ నుంచి ఏడాదికి 10 లక్షల డాలర్ల వరకు బయటికి పంపవచ్చు, మొత్తం విషయంలో మీకు ఇబ్బంది లేదు. ఆలస్యమయ్యేది కాగితాల దగ్గరే. ఆ సొమ్ముకు పన్ను కట్టినట్టు చార్టర్డ్ అకౌంటెంట్ ధ్రువపత్రం, మీ ప్రకటన రెండూ ఉంటేనే బ్యాంకు పంపిస్తుంది. డిపాజిట్ తీశాక అకౌంటెంట్ కోసం వెతకడం మొదలుపెడితే వారం, పది రోజులు దానికే పోతాయి. ఈ రోజే మీ పన్ను రిటర్నులు, డిపాజిట్ వడ్డీ వివరాలు ఆయనకు పంపించేయండి.

ఒకవేళ మీ ఖాతాలు ఇప్పటికీ మామూలు పొదుపు ఖాతాలుగానే ఉంటే, అది విదేశాల్లో స్థిరపడినవారికి చెల్లదు. ముందు వాటిని మార్పించుకోవాలి. స్వదేశంలో నివసించేవారు పంపే సొమ్ము వేరే పద్ధతి కిందికి వస్తుంది: ఏడాదికి 2,50,000 డాలర్ల పరిమితి, ఇలాంటి అవసరాలకైతే 10 లక్షల రూపాయలు దాటిన భాగం మీద 20 శాతం టీసీఎస్ (బ్యాంకు ముందే వసూలు చేసుకునే పన్ను). మీకు కావలసిన నాలుగు లక్షల బాత్ రూపాయల్లో పది లక్షలు దాటుతుంది కాబట్టి ఇండియా నుంచి థాయిలాండ్‌కు రావాలనుకునేవారు కూడా ఇది గుర్తుంచుకోవాలి. టీసీఎస్ పోయే డబ్బు కాదు, రిటర్నులో సర్దుబాటు అవుతుంది. కానీ ఆ సమయానికి చేతిలో ఉండదు.

డిపాజిట్‌ను ముందే తీస్తే సాధారణంగా వడ్డీలో అర శాతం నుంచి ఒక శాతం దాకా కోత ఉంటుంది. ఒకే పెద్ద డిపాజిట్ కాకుండా చిన్నచిన్నవి ఉంటే కావలసినన్ని మాత్రమే తీయండి.

జోంతియెన్ 72

ఇంత హైరానా ఎందుకండీ? మా ఊళ్లో సగం మంది ఏజెంటు చేతికి పాస్‌పోర్టు ఇచ్చేస్తారు. ఖాతాలో డబ్బు లేకపోయినా వాళ్లే ఒక రోజుకు వేసి, ముద్ర వేయించి, తీసేసుకుంటారు. ఫీజు కాస్త ఎక్కువే, కానీ డిపాజిట్ తీయడం, అకౌంటెంట్ చుట్టూ తిరగడం ఉండవు.

పతుమ్ థానీ మాస్టారు

దయచేసి ఈ సలహా ఎవరూ పాటించకండి. ఒక రోజు వచ్చి వెళ్లిన డబ్బుతో రెండు నెలల నిబంధన ఎలా తీరుతుంది? తీరదు. అంటే ఎక్కడో ఒక చోట అబద్ధపు కాగితం వెళ్లినట్టే, దాని మీద సంతకం పెట్టింది మీరే. పట్టుబడితే ఏజెంటు పాస్‌పోర్టులో ముద్ర పోదు, మీ పాస్‌పోర్టులో పోతుంది. అనుమతి రద్దు చేసి, దేశం నుంచి పంపేసి, మళ్లీ రాకుండా నల్లజాబితాలో పెట్టే అధికారం వారికి ఉంది. అరవై, డెబ్బై ఏళ్ల వయసులో ఇల్లూ సామానూ డాక్టరూ ఇక్కడే పెట్టుకుని ఆ ప్రమాదం తెచ్చుకోవడం నాకు అర్థం కాదు.

చియాంగ్ మై అమ్మమ్మ

నేను మాస్టారి మాటకే ఓటు వేస్తాను. అయితే ఏజెంట్లందరినీ ఒకే గాటన కట్టవద్దు. మా పక్కింటాయనకు 80 దాటాయి, మోకాళ్లు సహకరించవు. డబ్బు ఏడాది పొడవునా ఆయన ఖాతాలోనే ఉంటుంది, కాగితాలన్నీ నిజమైనవే. వరుసలో ముందుగా నిలబడి చీటీ తీసుకోవడానికి, ఫారాలు నింపడానికి ఒక మనిషిని పెట్టుకుంటారు. అందులో తప్పేమీ లేదు. మనకు నడవడంలో సాయం చేసేవారు వేరు, మన పేరున అబద్ధం ఆడేవారు వేరు.

జోంతియెన్ 72

సరే, ఒప్పుకుంటున్నాను. మా దగ్గర అది మామూలైపోయింది కాబట్టి చెప్పాను. పొడిగింపు ఇచ్చిన మూడు నెలల తర్వాత మా ఆఫీసులో మళ్లీ పాస్‌బుక్ తీసుకురమ్మంటున్నారు కూడా. ఒక రోజు డబ్బు పెట్టించినవాళ్లు అప్పుడు ఏం చూపిస్తారో నాకూ అనుమానమే.

బందరు బాబాయి

ఆ మూడు నెలల సంగతి ఇంకొంచెం వివరంగా చెప్పండి. నాకు ఇదే మొదటి పొడిగింపు.

పతుమ్ థానీ మాస్టారు

2019 మార్చి నుంచి అమల్లో ఉన్న నియమం ఇది. దరఖాస్తుకు ముందు రెండు నెలలు 8,00,000. అనుమతి ఇచ్చాక మరో మూడు నెలలు అదే 8,00,000. ఆ తర్వాత ఎప్పుడూ 4,00,000కు తగ్గకూడదు. మళ్లీ వచ్చే దరఖాస్తుకు రెండు నెలల ముందు 8,00,000కు చేర్చాలి. అంటే ఏడాదిలో ఏడు నెలలు మాత్రమే సగం డబ్బు వాడుకునే వీలుంటుంది. నాలుగు లక్షల కంటే ఒక్క రోజు తగ్గినా పాస్‌బుక్‌లో ఆ వరుస శాశ్వతంగా ఉండిపోతుంది. హువాహిన్ తీరం గారు ఆపరేషనుకు తీసినా 4,10,000 దగ్గర ఆగడం చాలా మంచి పని. ఆ పదివేలు ఆయన్ను కాపాడాయి.

నాకు తెలిసిన చాలామంది ఆ 8 లక్షలను విడిగా ఒక ఖాతాలో వేసి, దాన్ని లేనట్టే చూస్తారు. ఏటీఎం కార్డు కూడా తీసుకోరు. కారణం ఉంది. కార్డు వార్షిక రుసుమును బ్యాంకు ఖాతాలోంచి తనంతట తానే కోసుకుంటుంది. సరిగ్గా 8,00,000 ఉన్న ఖాతాలో మూడు వందలు తగ్గితే రెండు నెలల లెక్క పోయినట్టే. అందుకే హువాహిన్ తీరం గారూ, ఎనిమిదికి సరిగ్గా పంపకండి. మధ్యలో బ్యాంకులు కోసుకునేవి, మారకపు తేడాలు ఉంటాయి. పది, ఇరవై వేల బాత్ ఎక్కువే ఉండేలా చూసుకోండి.

కొత్తగా అడుగుతున్నాను

నేను విశాఖలో ఉంటాను, వయసు 61. వచ్చే ఏడాది చియాంగ్ మై రావాలనుకుంటున్నాం. ఇండియా నుంచే ఓ-ఏ వీసా (రిటైరైనవారికి ఏడాది ఉండడానికి ఇచ్చేది) తీసుకుని రావడం మంచిదా, లేక నాన్-ఓ మంచిదా?

చియాంగ్ మై అమ్మమ్మ

ఓ-ఏకు ఆరోగ్య బీమా తప్పనిసరి బాబూ. మొదట 2019లో తక్కువ మొత్తంతో మొదలై, తర్వాత 30 లక్షల బాత్‌కు పెంచారు. పోలీసు ధ్రువపత్రం, వైద్య పరీక్ష పత్రం కూడా కావాలి. ఏటా పొడిగించుకున్నప్పుడల్లా ఆ బీమా వెంట వస్తుంది. వయసు పెరిగేకొద్దీ ప్రీమియం ఎంత అవుతుందో, ఇవ్వడానికి కంపెనీ ముందుకు వస్తుందో లేదో ఆలోచించుకోండి. నాన్-ఓ మీద వచ్చి ఇక్కడ పొడిగించుకునేవారికి ఆ షరతు లేదు. కానీ షరతు లేదని బీమా లేకుండా ఉండవద్దు. ఇక్కడి ప్రైవేటు ఆసుపత్రి బిల్లు చూస్తే గుండె ఆగుతుంది. ఇప్పుడు ఇండియా నుంచి వీసా దరఖాస్తులన్నీ ఆన్‌లైన్‌లోనే.

హువాహిన్ తీరం గారికి మాత్రం నేను వేరే మాట చెప్పాలి. చెప్పడానికి మనసొప్పడం లేదు, అయినా చెప్పకుండా ఉండలేను. మీ ఆవిడ పొడిగింపు మీ మీద ఆధారపడి ఉంది. డబ్బంతా మీ ఒక్కరి పేరున ఉంది. నేనూ అలాగే ఉండేదాన్ని. మా వారు పోయిన తర్వాత రెండు విషయాలు ఒకేసారి తెలిశాయి. ఆయన అనుమతితో పాటే నా అనుమతికి ఉన్న ఆధారం కూడా పోయింది. మరణ వార్త తెలియగానే బ్యాంకు ఆయన ఖాతాను ఆపేసింది. కోర్టు ద్వారా ఆస్తి నిర్వాహకుడిని నియమించే దాకా అందులోంచి ఒక్క బాత్ కదలదు. మనిషి పోయిన దుఃఖంలో ఉన్నదాన్ని, ఇమిగ్రేషన్ కౌంటరు ముందు కూర్చుని నేను ఇక్కడ ఎవరిగా ఉండాలో చెప్పుకోవాల్సి వచ్చింది.

నాకు అప్పటికే నా పేరున చిన్న ఖాతా ఒకటి ఉంది. మా అబ్బాయి దాంట్లోకే డబ్బు పంపాడు. నాకు 50 దాటాయి కాబట్టి నా సొంతంగా రిటైర్మెంట్ కింద మళ్లీ మొదలుపెట్టగలిగాను. ఆ ఖాతా లేకపోతే ఆ సమయంలో కొత్తది తెరవడం చాలా కష్టమయ్యేది. ఇప్పుడు విదేశీయులకు ఖాతా ఇవ్వడంలో బ్యాంకులు బాగా బిగించాయి. మీ ఇద్దరికీ ఏడాది అనుమతి ఉన్న ఈ రోజుల్లోనే ఆవిడ పేరున ఒక ఖాతా తెరవండి. ఇక్కడి ఆస్తులకు థాయ్ భాషలో ఒక వీలునామా రాయించండి. మీ పెళ్లి ధ్రువపత్రం అసలు, దాని అనువాదం, ధ్రువీకరణ ముద్రలు ఉన్న ప్రతులు ఎక్కడున్నాయో ఆవిడకు చూపించండి.

హువాహిన్ తీరం

అమ్మా, మీరు రాసింది ఇద్దరం కలిసి చదివాం. ఆవిడ ఏమీ మాట్లాడకుండా వెళ్లి తన పాస్‌పోర్టు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఈ వారమే బ్యాంకుకు వెళ్తున్నాం. మీకు కృతజ్ఞతలు.

గోదారి గట్టు

రీ-ఎంట్రీ సంగతి ఎవరూ చెప్పలేదు, సంక్రాంతికి వెళ్తానన్నారు కదా. పొడిగింపు ముద్ర పడగానే అదే ఆఫీసులో రీ-ఎంట్రీ పర్మిట్ తీసుకోండి. ఒకసారికి 1,000 బాత్, ఎన్నిసార్లయినా వెళ్లి రావడానికి 3,800. అది లేకుండా దేశం దాటితే ఏడాది పొడిగింపు ఆ క్షణమే రద్దవుతుంది. ఎంత బతిమాలినా తిరిగి రాదు. విమానాశ్రయంలోనూ ఇస్తారు గానీ ఆ హడావుడిలో పెట్టుకోవద్దు. ఆవిడకు విడిగా తీసుకోవాలి, మీదానితో ఆమెకు వర్తించదు. తిరిగి వచ్చేటప్పుడు మూడు రోజుల ముందు నుంచి ఆన్‌లైన్‌లో డిజిటల్ ఆగమన పత్రం నింపాలి, 2025 మే నుంచి అది తప్పనిసరి.

బందరు బాబాయి

దరఖాస్తు రోజున ఏమేం తీసుకెళ్లాలి? నేను బ్యాంకాక్‌లోని చేంగ్ వత్తన ఇమిగ్రేషన్ ఆఫీసుకు వెళ్లాలి.

పతుమ్ థానీ మాస్టారు

పొడిగింపు దరఖాస్తు అయిన టీఎం 7 ఫారం, 4×6 సెం.మీ. ఫోటో, పాస్‌పోర్టులో ముఖపత్రం, వీసా, ముద్రలున్న పేజీల నకళ్లు, మీరు ఆ ఇంట్లో ఉంటున్నట్టు ఇంటి యజమాని ఇమిగ్రేషన్‌కు తెలిపిన టీఎం 30 రసీదు, అద్దె ఒప్పందం, ఇంటికి దారి చూపే పటం. బ్యాంకు నుంచి నిల్వ ధ్రువీకరణ లేఖ, ఏడాది లావాదేవీల పత్రం. ప్రతి నకలు మీద నీలి సిరాతో సంతకం. ఒక్కటి మరిచినా భవనం కింది అంతస్తులో నకళ్లు తీసే దుకాణాలున్నాయి, అక్కడే భోజనశాల కూడా. పన్నెండుకు కౌంటర్లు ఆగిపోతాయి, పొద్దున్నే వెళ్లండి.

అన్నిటికంటే ముఖ్యం పాస్‌బుక్‌లో ఆ రోజు తేదీ కనిపించడం. పొద్దున బ్యాంకు యంత్రంలో వంద బాత్ వేసి, పాస్‌బుక్ ముద్రించుకుని, ఆ పేజీ నకలు తీసుకుని వెళ్లండి. అధికారిణి నేరుగా చివరి పేజీ తెరుస్తుంది. ఆ రోజు వరుస మీద వేలు పెట్టి, అక్కడి నుంచి పైకి జరుపుతూ రెండు నెలల వెనక్కి వెళ్తుంది. ఆ దారిలో ఎక్కడా 8,00,000కు తక్కువ అంకె కనిపించకూడదు. నిన్నటి తేదీతో వెళ్లినవాళ్లను వెనక్కి పంపడం నేను పక్క కుర్చీలోంచి చూశాను.

హువాహిన్ తీరం

అందరికీ నమస్కారం. జరిగింది చెప్పాలని వచ్చాను, ముందుముందు ఎవరికైనా పనికొస్తుంది.

డిపాజిట్లలో రెండు మాత్రమే ముందుగా తీశాను. అకౌంటెంట్ పత్రం ముందే సిద్ధం చేయించడం వల్ల సెప్టెంబరు 9న డబ్బు ఇక్కడికి చేరింది. సుఖుమ్విత్ 23లోని మన రాయబార కార్యాలయం ద్వారా కొత్త పాస్‌పోర్టు అక్టోబరులోనే చేతికొచ్చింది. హువాహిన్ ఇమిగ్రేషన్‌లో పాత ముద్రలను కొత్తదానిలోకి మార్చారు, దానికి రుసుము లేదు. నవంబరు 12న ఇద్దరం వెళ్లాం. ఆవిడ విషయంలో పెళ్లి పత్రం అనువాదాన్ని చాలాసేపు చూశారు. మిగతా ఏ కాగితం మీదా ప్రశ్న రాలేదు. వచ్చే ఏడాది నవంబరు 18 దాకా ముద్ర వేశారు. రీ-ఎంట్రీ అక్కడే తీసుకున్నాం. ఆవిడ పేరున ఖాతా తెరిచాం, వీలునామాకు న్యాయవాదిని కలిశాం.

పతుమ్ థానీ మాస్టారు

చాలా సంతోషం సర్. ఫిబ్రవరి 12 దాకా ఎనిమిది లక్షలు ముట్టుకోకండి. పాత పాస్‌పోర్టును కొత్తదానితో పాటే ప్రయాణంలో ఉంచుకోండి. ఇక్కడ ఉండే విదేశీయులు ప్రతి 90 రోజులకూ తమ చిరునామా ఇమిగ్రేషన్‌కు తెలపాలి కదా, సంక్రాంతి నుంచి తిరిగి వచ్చిన రోజు నుంచి ఆ 90 రోజుల రిపోర్టు లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. కొత్త పాస్‌పోర్టు మీద మొదటి రిపోర్టు ఆన్‌లైన్‌లో తీసుకోరు, టీఎం 47 ఫారంతో ఆఫీసుకే వెళ్లాలి. గడువుకు 15 రోజుల ముందు నుంచి, దాటిన 7 రోజుల దాకా ఇవ్వవచ్చు. ఆ తర్వాత అయితే 2,000 బాత్ జరిమానా.